ఏడో గొట్టం

మా బడి రాకెట్ గురించి ఆ ఊళ్ళో ఇప్పటికీ రెండు కథలు నడుస్తున్నాయి. రాకెట్ వెళ్ళి అధికారి జీపు మీద పడిందని ఒకటి. జువ్వలు చేసే సాయిబు గారు మందు సరిగ్గా చెయ్యలేదని రెండోది. రెండూ అబద్ధాలే. జీపు ఆ రోజు చింతచెట్టు నీడన నిక్షేపంగా ఉంది. ఆ అబద్ధంతో నాకు పేచీ లేదు, జీపుకు పోయే పరువేమీ లేదు కాబట్టి. రెండోదాన్ని మాత్రం ఎవరు ఎక్కడ ఎత్తినా ఆపి, కూర్చోబెట్టి, మొదటి నుంచి చెప్పుకొస్తున్నాను. టీ కొట్టు దగ్గర చెప్పాను. బస్సులో చెప్పాను. ఒక పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి ఆయనకు చెబుతూ కూర్చుంటే నాకు పెరుగు వడ్డించకుండానే వెళ్ళిపోయారు. అయినా ఆ కథ చావడం లేదు. అందుకని రాసి పెడుతున్నాను. కొత్తగా సైన్సు మాస్టార్లుగా చేరుతున్న పిల్లలు చదవండి. చదివి రాకెట్లు కట్టమని కాదు. ఆ పని చెయ్యనే వద్దు. ఇవాళయితే నన్ను, హెడ్మాస్టరు గారిని కలిపి లోపలేసేవాళ్ళు.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. గురజాలకు, మాచర్లకు మధ్య ఒక ఊళ్ళో హైస్కూలు. నేను ఫిజికల్ సైన్సు మాస్టారిని, వయసు ముప్పై లోపు. ఓర్పు అన్నది నాకు అప్పటికి లేదు, తర్వాతా పెద్దగా వచ్చింది లేదు. అప్పట్లో మా వైపు సైన్సు ఫెయిర్ అంటే ప్రతి బడీ సాగర్ డ్యామ్ నమూనా చేసి తెచ్చేది. ఒకే హాల్లో పదకొండు సాగర్ డ్యాములు వరసగా ఉండటం నేను కళ్ళారా చూశాను. మాది పన్నెండోది. అది కారింది. కారి, పక్క బల్ల మీద వేరే బడి పిల్లలు అట్ట మీద గీసుకొచ్చిన జీర్ణవ్యవస్థను పేగులతో సహా తడిపేసింది. ఇక జన్మలో డ్యామ్ కట్టకూడదని మా హెడ్మాస్టరు గారు ఆ పూటే నిర్ణయించుకున్నారు.

ఆయన నిర్ణయాలు ప్రేయర్‌లోనే బయటపడేవి. ముందుగా ఎవరికీ చెప్పడం ఉండదు. ఒక సోమవారం పొద్దున ప్రతిజ్ఞ అయిపోయాక మైకు అందుకుని, "మన కొత్త సైన్సు గది ప్రారంభోత్సవం నాడు మన సైన్సు మాస్టారు ఆరడుగుల రాకెట్‌ను ఆకాశంలోకి పంపిస్తారు. నరసరావుపేట నుంచి పెద్ద అధికారి ముఖ్య అతిథిగా వస్తున్నారు" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను రాకెట్ పంపిస్తానన్న సంగతి వాళ్ళతోపాటే నాకూ అప్పుడే తెలిసింది.

"అదేందండీ, నాతో ఒక్క మాటన్నా అనకుండా?" అని ఆఫీసు గదిలోకి వెళ్ళి అడిగాను.

"అంటే నువ్వు కుదరదంటావు" అన్నారు.

నిజమే, అనేవాణ్ణి.

రాకెట్ సంగతి కాస్త చెప్పాలి. ఒక్క తారాజువ్వ తన బరువు తాను మోసుకుని పైకి పోతుంది, అంతవరకే దాని శక్తి. ఆరడుగుల ఒళ్ళు ఎత్తాలంటే చాలదు. అలాగని ఒక్కటే పెద్దది చెయ్యడం ప్రమాదం. చిన్నవాటిని కట్టగా కట్టి ఒకేసారి అంటించాలి. నడుమ ఒకటి పెట్టి చుట్టూ పేరిస్తే సరిగ్గా ఆరు పడతాయి, సందు ఉండదు. అందుకే ఏడు. షరతల్లా ఏమిటంటే, ఏడూ ఒకేసారి అంటుకోవాలి, ఒకే జోరుతో తొయ్యాలి. పల్లకీ మోసే బోయీల్లో ఒకడు వెనకబడితే లోపల కూర్చున్నవాడి గతి ఏమిటో మీరే ఊహించుకోండి.

మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ జువ్వలు చేసేది ఒక్కరే. అందరూ జువ్వల సాయిబు గారు అనేవాళ్ళు. అరవై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ. తిరనాళ్ళకూ, ఉర్సుకూ, పెళ్ళి ఊరేగింపులకూ ఆయన జువ్వలే. గొట్టాలు ఇంటి దగ్గర భార్యా, కూతురూ చుట్టేవాళ్ళు. మందు పని మాత్రం ఊరికి దూరంగా, నాపరాయి గనుల దారిలో, రాతి పలకలు నిలబెట్టి కట్టిన కొట్టంలో ఆయన ఒక్కరే చేసుకునేవారు. ఆ ఏడు ఆయన లైసెన్సు గడువు దీపావళికి ముందు నెలాఖరుతో తీరిపోతోంది. మళ్ళీ ఇవ్వమని పెట్టుకున్న కాగితం నరసరావుపేటలో ఆ పెద్ద అధికారి బల్ల మీదే ఉంది. 'వృద్ధుడు, చేతిపని నమ్మదగినదేనా' అని ఎవరో దాని అంచున రాశారట. లైసెన్సు రాకపోతే కొట్టానికి తాళమే. ఆయనకు మరో పని రాదు. ఇంట్లో ముగ్గురూ ఆ కొట్టం మీదే బతుకుతున్నారు.

హెడ్మాస్టరు గారు, నేను కలిసి వెళ్ళాం. "సాయిబు గారూ, ఆ అధికారే మా ముఖ్య అతిథి. మీ చేతి పని ఆయన కళ్ళారా చూస్తాడు. ఇంతకు మించిన సిఫార్సు ఏం కావాలి?" అన్నారు హెడ్మాస్టరు గారు.

సాయిబు గారు గడ్డం నిమురుకున్నారు. "ఏడూ నేనే చేస్తా. నా పద్ధతిలోనే చేస్తా. లెక్క నడిచేటప్పుడు మాత్రం నన్ను ఎవరూ పలకరించకూడదు" అన్నారు.

దానికేం భాగ్యం అనుకున్నాను. ఆ లెక్క నా ప్రాణం తీస్తుందని తెలిస్తే అప్పుడే డ్యామ్ కట్టుకునేవాణ్ణి.

గొట్టంలో కొంచెం మందు పోసి, కడ్డీ ఆనించి, కొయ్య సుత్తితో దట్టించాలి. మళ్ళీ కొంచెం పోయాలి, మళ్ళీ దట్టించాలి. గొట్టానికి ఇన్ని దెబ్బలని ఆయనకొక లెక్క. ఎన్నో ఎవరికీ చెప్పరు. పెదవులు కదులుతుంటాయి, సుత్తి పడుతుంటుంది, ఒక గొట్టానికి ఒక పూట పడుతుంది. మధ్యలో ఎవరైనా ఒక్క మాట అంటే లెక్క తప్పినట్టే. తప్పిన గొట్టాన్ని ఆయన వాడరు. పక్కనే ఉన్న నీళ్ళ తొట్టిలో ముంచేసి, కొత్త గొట్టం అందుకుని, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. కోపగించుకోవడం, విసుక్కోవడం ఏమీ ఉండదు. 'బుడుంగ్' అని తొట్టి చప్పుడు, అంతే.

మొదటి గొట్టం ముంచింది నా వల్లే. పని చూస్తూ, ఉత్సాహం పట్టలేక, "ఇప్పటికి ఎన్ని దెబ్బలయ్యాయండీ?" అన్నాను. బుడుంగ్.

ఇక ఊరి సంగతి. మా పల్నాడులో మనిషి కనబడితే పలకరించకుండా పోవడం మొహం మీద తిట్టినంత పని. గనులకు పోయేవాళ్ళు, గొర్రెలు తోలుకెళ్ళేవాళ్ళు, సైకిళ్ళ మీద సంతకు పోయేవాళ్ళు, అందరికీ అదే దారి. "ఏం సాయిబు గారూ, తిన్నారా?" బుడుంగ్. "ఏంది మామా, ఎండ చానా ఉంది గదా?" బుడుంగ్. నేను తల పట్టుకుని, గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టించాను. ఊళ్ళో చెప్పించాను కూడా, ఎర్రగుడ్డ ఉంటే మాట్లాడకండిరా అని. జనం ఆ గుడ్డ చూసి దారిలో ఆగి మరీ లోపలికి తొంగిచూసి, "గుడ్డ కట్టారేంది సాయిబు గారూ, లెక్క నడుస్తందా?" అని అడగడం మొదలుపెట్టారు. బుడుంగ్, బుడుంగ్. పదిహేను రోజుల్లో ఆ తొట్టిలో మునిగిన గొట్టాలతో ఇంకో రెండు రాకెట్లు కట్టొచ్చు.

"ఒక్క పలకరింపుకే పారెయ్యాలాండీ?" అని ఒకసారి పని లేనప్పుడు అడిగాను.

"మాస్టారూ, తిరనాళ్ళలో జువ్వ నిట్టనిలువునా పోతే చూసినోళ్ళు నా పేరు కూడా తలవరు. పక్కకు పోయి ఎవరి గడ్డివామి మీదన్నా పడితే మటుకు పది ఊళ్ళలో నా పేరే" అన్నారు. ఆ తర్వాత నేను అడగలేదు, కానీ విసుగు తగ్గిందని మాత్రం చెప్పలేను.

బడిలో సంగతి ఇంకో రకం. డ్రాయింగు మాస్టారు పాత న్యూస్‌పేపర్లు, మైదా జిగురుతో రాకెట్ ఒళ్ళు చేశారు. బాగా చేశారు, కాదనను. కానీ ఆయన రంగు డబ్బా మూత తీస్తే మళ్ళీ పెట్టే మనిషి కాదు. వెండి రంగు ఒక పూత, ఎండాక ఇంకో పూత, దాని మీద నీలం చారలు, చారల మధ్య చుక్కలు. "బరువు పెరుగుతోందండీ బాబూ" అని నేను మొత్తుకుంటే, "అందం వద్దా మాస్టారూ?" అనేవారు. హెడ్మాస్టరు గారు ఆయన్ని మించారు. రాకెట్ ముక్కు ఘనంగా ఉండాలని, నాతో చెప్పకుండా దుర్గిలో ఒక శిల్పి చేత నల్లరాతితో చెక్కించి తెప్పించారు. నున్నగా, కొనదేరి, అడుగున సన్నటి తామరరేకుల వరసతో ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. దాన్ని బల్ల మీదకు ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. ఇది రాకెట్ ముక్కు కాదు, రాకెట్‌కు సమాధి అని రెండు రోజులు పోట్లాడి అట్ట ముక్కు పెట్టించుకున్నాను. రాతి ముక్కు కొత్త సైన్సు గది తలుపు కొట్టుకోకుండా అడ్డంగా పనికొచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉందట. ఆ రాకెట్‌కు సంబంధించి మిగిలింది అదొక్కటే, అదీ ఎగరనిది.

ప్రారంభోత్సవం గురువారం అనుకున్నాం. సోమవారానికి ఆరు గొట్టాలు పూర్తయ్యాయి. ఏడోది మంగళవారం దట్టించి, ఒత్తి పెట్టి, బుధవారం ఎండలో ఆరబెడితే సరిపోతుంది. ఆరు పూటల పనికి పదిహేను రోజులు పట్టింది గానీ అయ్యాయి, అంతే చాలని ఊపిరి పీల్చుకున్నాను. మంగళవారం మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు క్లాసులోకే వచ్చేశారు. అధికారి టూరు మారిందట. రేపే, బుధవారం పొద్దున పదింటికి వస్తారట.

నేను చాక్‌పీసు చేతిలో పట్టుకునే సైకిలెక్కాను. ఎండలో ఆ గనుల దారి తొక్కి, దారిలో ఒకసారి చైను ఊడితే వేసుకుని, చేతులు నల్లగా చేసుకుని కొట్టం దగ్గరికి వచ్చాను. గుమ్మానికి ఎర్రగుడ్డ ఉంది. చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. చూసి కూడా సైకిలు దిగకుండానే, "సాయిబు గారూ, రేపేనంట!" అని అరిచాను.

లోపల సుత్తి ఆగిపోయింది. ఆయన నా వైపు చూసి, గొట్టం పట్టుకుని తొట్టి వైపు చెయ్యి చాపారు. నేను లోపలికి దూకి ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఆగండి! ఇంకా ఎంత మిగిలింది?"

"ఎంత మిగిలిందో తెలిస్తే ముంచుతానా? లెక్క పోయింది."

"దాదాపు అయిపోయింది కదండీ. ఒకటో రెండో అటూ ఇటూ అయితే ఏం కొంప మునుగుద్ది?"

"ఒకటో రెండో అని మీకెట్టా తెలుసు మాస్టారూ? నాకే తెలవదు."

"అయితే మళ్ళీ దట్టించండి, ఇప్పుడే."

"పొద్దుగూకుద్ది. ఒత్తికి ఎండ ఉండదు. పచ్చి ఒత్తి మిగతావాటితో కలిసి అంటుకోదు." ఆయన గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. "ఆరుతో ఎగరేయండి. నడిమిది ఖాళీ వదిలేయండి. చుట్టూ ఉన్న ఆరూ సమంగా తోస్తయ్యి. ఓ తాడిచెట్టు ఎత్తు తగ్గుద్ది, అంతే."

అంతకంటే తెలివైన సలహా ఆ రాకెట్ విషయంలో ఎవరూ ఇవ్వలేదు, నాతో సహా. వింటే నేను ఇవాళ ఇది రాయక్కర్లేకపోయేది. కానీ ఆహ్వాన పత్రికలో 'ఏడు ఇంజన్ల రాకెట్' అని అచ్చయింది. పదిహేను రోజులుగా ఆ తొట్టి చప్పుడు విని విని నాకు మతి పోయి ఉంది. నోటికి ఏదొస్తే అది అన్నాను.

"మీ చాదస్తం మీరే పెట్టుకోండి సాయిబు గారూ. ఏడని చెప్పి ఆ అధికారి ముందు ఆరు ఎగరేస్తే, రేపు మీ లైసెన్సు మాట ఎవడెత్తుతాడు?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం మారిపోవడం నాకు కనబడింది. కనబడినా వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి ఆయన ఆ గొట్టానికి ఒత్తి పెట్టి ఎండలో ఉంచారు. సాయంత్రం పొయ్యి బొగ్గుతో దాని ఒంటి మీద అడ్డంగా, నిలువుగా రెండు గీతలు గీసి నా చేతికిచ్చారు.

"ఇది నడిమిట్లో పెట్టండి. వెనకబడినా నడుమే వెనకబడుద్ది, పక్కకు తొయ్యదు. ఈ ఒక్క మాటన్నా వినండి."

"సరే" అన్నాను.

ఏడు గొట్టాలూ బడికి తెచ్చి సైన్సు గదిలో పెట్టి, షామియానా వాళ్ళతో మాట్లాడటానికి గ్రౌండుకు వెళ్ళాను. గంటలో తిరిగొచ్చాను. ఆ గంటలో డ్రాయింగు మాస్టారు ఏడు గొట్టాలకూ వెండి రంగు పూసి, రాకెట్ తోకలో వరసగా అమర్చి, జిగురు కూడా పట్టించేశారు.

"ఒకదాని మీద ఏవో బొగ్గు గీతలున్నాయి మాస్టారూ, అసయ్యంగా. కప్పేశా" అన్నారు, మెచ్చుకుంటానేమోనని నా మొహం చూస్తూ.

నేను ఆయన్ని ఏమన్నానో ఇక్కడ రాయను, ఆయన పోయారు పాపం. అసలు సంగతి నా గురించి. తోక చింపి చూస్తే ఏది ఎక్కడుందో తెలుస్తుంది. కానీ చింపితే మర్నాటికి రాకెట్ ఉండదు. ఏడు చోట్లలో ఆ గొట్టం నడుమ పడే అవకాశం ఏడింట ఒకటి. పిల్లలకు ఈ లెక్క చెప్పేవాణ్ణి నేనే. అయినా ఏమో, నడుమే పడిందేమో అనుకున్నాను. సాయిబు గారికి కబురు కూడా చెయ్యలేదు. చేస్తే ఆయన ఎగరేయనివ్వరని నాకు తెలుసు.

పదింటికి రావలసిన అధికారి పన్నెండున్నరకు వచ్చారు. బడి వెనక నాపరాళ్ళు తేలిన ఖాళీ నేల మీద రాకెట్ నిలబెట్టాం. జనాన్ని దూరంగా తాడు కట్టి ఆపాం. సాయిబు గారు ఉతికిన తెల్ల జుబ్బా వేసుకుని వచ్చారు. పాత లైసెన్సు కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో పెట్టుకున్నారు, అధికారి అడిగితే చూపించొచ్చని. నన్ను చూసి, "నడిమిట్లోనే గదా?" అన్నారు. జనం గోలలో వినబడనట్టు నేను అటు తిరిగాను.

డ్రిల్లు మాస్టారు మైకులో పది నుంచి కిందికి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. సాయిబు గారికి తన లెక్క తప్ప వేరేవాళ్ళ లెక్క పట్టదు. పొడుగాటి ఒత్తి తీరు చూసుకుని ఆయన ఎప్పుడో అంటించి రాతి పలక చాటుకు వెళ్ళిపోయారు. మైకులో ఇంకా "ఆరు" అంటుండగానే రాకెట్ లేచింది.

లేచిందండీ. ఇంత చిరాకులోనూ చెబుతున్నాను, ఆ లేవడం చూసిన కళ్ళు మర్చిపోవు. అంత ఒళ్ళు, అంత రంగు వేసుకుని, తెల్లటి పొగ మీద నిట్టనిలువుగా మూడు తాడిచెట్ల ఎత్తు పోయింది. జనమంతా తలలెత్తి "ఓ" అన్నారు. నేనూ అన్నాను. అప్పుడు, మిగతా ఆరూ కాలి ఆరిపోయే వేళ, ఒక పక్క నుంచి ఏడోది తీరిగ్గా అందుకుంది. నడుమ కాదు, పక్కన. రాకెట్ ఒరిగి, సగం చుట్టు తిరిగి, చక్కగా షామియానా మూల మీదకు వచ్చి పడింది.

ఎవరికీ ఏమీ కాలేదు. షామియానా గుడ్డ ఒక మూల అంటుకుంది. బడి అటెండరు చేతికందిన మజ్జిగ గంగాళం ఎత్తి విసిరాడు. మంట ఆరింది. మజ్జిగలో సగం ముఖ్య అతిథి మీద పడింది. ఆయన లేచి నిలబడ్డారు. చొక్కా జేబు మీద కరివేపాకు అంటుకుని ఉంది.

అందరూ అధికారి చుట్టూ మూగుతుంటే సాయిబు గారు నేరుగా రాకెట్ దగ్గరకు వెళ్ళారు. తోకలో చీలిపోయిన గొట్టం ఒకటే. అది బయటి వరసలోది. దాన్ని బయటకు లాగి, బొటనవేలి గోటితో వెండి రంగు గీకారు. కింద బొగ్గు గీత బయటపడింది. తలెత్తి నా వైపు చూశారు.

"మందు ఎవరు చేశారు?" అధికారి గొంతు వినబడింది.

"ఈయనేనండి. లోకల్ మనిషి" అన్నారు హెడ్మాస్టరు గారు, చెయ్యి చూపిస్తూ.

"లైసెన్సుకు పెట్టుకున్నది నువ్వేనా? ఇదేనా నీ చేతిపని?"

"చెయ్యి నాదేనయ్యా" అన్నారు సాయిబు గారు. చీలిన గొట్టం జుబ్బా జేబులో వేసుకున్నారు.

పదిహేను రోజులు ఆ కొట్టం గుమ్మంలో ఒక్క పూట మూతపడని నా నోరు ఆ ఒక్క నిమిషం తెరుచుకోలేదు. అధికారి జీపెక్కి వెళ్ళిపోయారు.

రెండు రోజులకు జరిగినదాని మీద రిపోర్టు పంపమని బడికి కాగితం వచ్చింది. హెడ్మాస్టరు గారు 'మందు నాసిరకం కావడం వల్ల' అని చక్కటి దస్తూరితో రాసి నా ముందు పెట్టారు. సైన్సు మాస్టారిగా నేను సంతకం చెయ్యాలి.

"చేసెయ్. బడి పరువు ఉంటుంది, నీ ఉద్యోగం ఉంటుంది. ఆయనకెట్టాగూ వయసైపోయింది" అన్నారు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని సైకిలెక్కాను.

కొట్టానికి ఎర్రగుడ్డ లేదు. సాయిబు గారు కాలిన ఏడు గొట్టాలనూ ఏరుకొచ్చి, నిలువునా కోసి, ఒక నాపరాయి మీద వరసగా పేర్చుకుని కూర్చున్నారు.

"ఈ ఆరూ చూడండి మాస్టారూ. లోపల ఎక్కడన్నా మచ్చ ఉందా? ఆరూ ఒక్క తీరుగా కాలినయ్యి" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, గర్వం ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"మరి ఆ రోజు ఆయన ముందు ఎందుకు చెప్పలేదండీ?"

"ఏం చెప్పాల? మాస్టారు బలవంతం చేశాడనా? ముంచేసి తాళం వేసుకుని పోతే మీరేం చేసేవాళ్ళు? లైసెన్సు అనేసరికి భయపడ్డా. ఇచ్చింది నేనే గదా."

"నన్ను ఒక్క తిట్టు తిట్టండి సాయిబు గారూ, పుణ్యముంటుంది."

"తిడితే మీకు తేలికైపోద్ది" అన్నారు ఆయన, గొట్టాలు సర్దుకుంటూ.

ఆ ఏడు గొట్టాలూ నాకివ్వమని అడిగాను. ఒక గోనెసంచిలో కట్టి ఇచ్చారు. మర్నాడు సెలవు పెట్టి నరసరావుపేట బస్సెక్కాను. నకరికల్లు దాటకముందే కండక్టరు వాసన పట్టాడు. "ఏందండీ అది, బాణసంచానా? దిగండి ముందు" అన్నాడు. కాలిపోయినవే నాయనా, ఇక కాలడానికి ఏం లేదు అని సంచి విప్పి బస్సంతటికీ చూపించాక గానీ కూర్చోనివ్వలేదు. అధికారి నన్ను మధ్యాహ్నం దాకా బయట నిలబెట్టారు. లోపలికి పిలిచాక ఆయన బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచి గొట్టాలు పేర్చాను. లెక్క సంగతి, తొట్టి సంగతి, నేను అరిచిన అరుపు, ఆరుతో ఎగరేయమన్న మాట, నేను ఎత్తిన లైసెన్సు మాట, వెండి రంగు, అన్నీ చెప్పాను. ఆయన బొగ్గు గీతల గొట్టాన్ని తిప్పి తిప్పి చూశారు. తర్వాత మిగతా ఆరూ చూశారు.

"చదువుకున్నవాడివేనా నువ్వు?"

"బీఎస్సీ, బీఈడీ సార్."

"ఆయన?"

"బడికి వెళ్ళలేదు సార్."

"ఇప్పుడు చెప్పిందంతా రాసి సంతకం పెట్టు" అన్నారు.

రాశాను. ఫలితంగా నాకు మెమో వచ్చింది, సర్వీసు రిజిస్టర్లో ఒక ఎర్ర సిరా వాక్యం పడింది. హెడ్మాస్టరు గారు నాకు బదిలీ అయ్యేదాకా ఏది చెప్పాలన్నా అటెండరు చేత చెప్పించారు. అది కొంత ప్రశాంతంగానే ఉండేది, ఆ మాట దాచడం ఎందుకు.

నెలాఖరు ఇంకా రెండు రోజులుందనగా సాయిబు గారి లైసెన్సు అయిందని తెలిసింది. తపాలాలో వస్తే గడువు దాటుతుందని నేనే వెళ్ళి కాగితం తెచ్చాను. బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా, గనుల దారి పట్టాను. దారంతా ఏం చెప్పాలో మనసులో అనుకుంటూనే వచ్చాను. వచ్చేసరికి గుమ్మానికి ఎర్రగుడ్డ ఉంది. లోపల సుత్తి పడుతోంది.

గుమ్మం పక్కన నిలబడ్డాను. గొంతు దాకా వచ్చిన మాటను మింగాను. ఎండ నెత్తిన మాడుతోంది. ఇంతలో ఉల్లిపాయల బస్తా వేసుకుని సైకిలు మీద ఒకాయన వచ్చి, ఒక కాలు కింద పెట్టి, "ఏం సా..." అనబోయాడు. నేను పరుగెత్తి వెళ్ళి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, సైకిలు తొక్కుకుంటూ పోయాడు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి సుత్తి ఆగింది. సాయిబు గారు గొట్టం పక్కన పెట్టి, చెమట తుడుచుకుని, తలెత్తారు. నన్ను చూశారు. నా చేతిలో కాగితాన్నీ, దాని మీద ముద్రనూ చూశారు. అదేమిటో ఆయనకు అర్థమైందని ఆ కళ్ళు చూస్తే తెలుస్తోంది. నేను నోరు తెరిచాను. ఈలోగా ఆయన ఇంకో గొట్టం ఒళ్ళోకి తీసుకుని, మందు పోసి, కడ్డీ ఆనించారు. పెదవులు కదిలాయి. సుత్తి పడింది.

ఒకటి.

నేను నోరు మూసుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాను.